‘కణాలకు శక్తి’ క్యాప్సూల్స్ కొనేవాళ్లు ముందు సీసా వెనక్కి తిప్పి చూడండి

వయసు మీద పడకుండా ఆపుతాం, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాకు బలమిస్తాం అంటూ ఫోన్లలో తెగ తిరుగుతున్న ప్రకటనలు చూసి ఆర్డర్ పెట్టబోతుంటే కాస్త ఆగండి. మా నాన్నగారి పోరు పడలేక రూ. 2,499 పెట్టి ఒక సీసా తెప్పించాను.

ముందువైపు కొట్టొచ్చినట్టు ‘కోఎంజైమ్ క్యూ10 – 400 మి.గ్రా.’ అని ఉంది. కణాల్లో శక్తి తయారీకి తోడ్పడే పదార్థం అది. వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో అసలు సంగతి: ఒక మోతాదు అంటే నాలుగు క్యాప్సూల్స్ అట! అంటే ఒక్కోదాంట్లో ఉన్నది 100. నెలకు సరిపోతుందనుకున్న 60 క్యాప్సూల్స్ పదిహేను రోజులకే ఖాళీ.

అది డబ్బుల గొడవ. అసలు తంటా అందులో కలిపిన నియాసిన్‌తో, అంటే విటమిన్ బి3తో వచ్చింది. వేసుకున్న అరగంటకే నాన్నగారి ముఖం, చెవులు, మెడ ఎర్రగా కందిపోయి ఒకటే మంట, దురద. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, “టెన్షన్ పడకండి సార్, విషాలు బయటకు పోతున్నాయి, కణాలు మేల్కొంటున్నాయి” అన్నారు. ఎంత ధైర్యమో! లేబుల్ చూసిన డాక్టర్ గారు మాత్రం, నికోటినిక్ యాసిడ్ రూపంలో నియాసిన్ ఎక్కువైతే చర్మంలోని రక్తనాళాలు వెడల్పయి ఇలాగే అవుతుందని చెప్పారు. “వార్ఫరిన్ ఏమైనా వాడుతున్నారా?” అని కూడా అడిగారు. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే ఆ మందు పనిని క్యూ10 తగ్గించే అవకాశం ఉందట. నాన్నగారు వాడటం లేదు కాబట్టి సరిపోయింది. సీసా మీద ఆ ముక్క ఎక్కడా లేదు.

క్యూ10 మన ఒంట్లోనే తయారవుతుంది. వయసుతో తగ్గే మాట నిజమే, కానీ బయటినుంచి మింగితే ముసలితనం వెనక్కి పోతుందని మనుషుల్లో తేలలేదు. మైటోకాండ్రియా పెరగాలంటే కండరాలకు పని పడాలి. పరిగెత్తించిన ఎలుకల కండరాల్లో ఆ మార్పును హాలోజీ అనే శాస్త్రవేత్త 1967లోనే చూపించారు. ఇక నియాసిన్ అంటారా, పల్లీల్లో బోలెడు.

సీల్ తీశారు కాబట్టి డబ్బు తిరిగి ఇవ్వలేం అన్నారు కంపెనీవాళ్లు. పైగా తర్వాతి నెల అడక్కుండానే ఇంకో పార్శిల్! ఆర్డర్ పేజీ అడుగున వాళ్లే ముందుగా టిక్ పెట్టి ఉంచిన గడి పుణ్యం. అది తీసుకోకుండా తిప్పి పంపేసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. ఇప్పటికే కొన్నవాళ్లు బిల్లు, లేబుల్ ఫొటోలు దాచుకోండి. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు కూడా ఫొటోలో పడేలా చూడండి. ఆ నంబరు ఉన్నంత మాత్రాన లోపలి సరుకు పనిచేస్తుందని ప్రభుత్వం పూచీ ఇచ్చినట్టు కాదు.