తొమ్మిది రోజుల్లో పన్నెండు బొమ్మలు: కలంకారీనా, అక్రిలిక్కా?

తిరుపతిలో ప్రదర్శనకి ఇంకా తొమ్మిది రోజులే. అరచేతంత బొమ్మలు పన్నెండు గీసివ్వాలి.

అక్రిలిక్ అయితే పలచటి పూత నిమిషాల్లో ఆరిపోతుంది, తప్పు పడితే పైన ఇంకోటి వేసేయొచ్చు.

శ్రీకాళహస్తి కలంకారీ అలా కాదు. గుడ్డని కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెట్టి ఎండబెట్టాలి. పాలలో కొవ్వు వల్లే రంగు పక్కకి పాకదు. నల్లరంగుకి ఇనుపముక్కలు బెల్లపునీళ్లలో వారాల తరబడి ఊరాలి, అది ముందే సిద్ధంగా ఉంటేనే మాట. కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కితే దిగిన లేతగీత, కరక్కాయ తగిలి కళ్లముందే నల్లబడుతుంది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం నాకు కొత్తే. చెరపడం మాత్రం కుదరదు. ఆ తర్వాత పటిక, ఉతుకు, ఉడకబెట్టడం, మళ్లీ ఎండ.

నా కుండలో నల్లరంగు ఊరి ఉంది. పన్నెండు కాదు, ఆరు బొమ్మలే ఇస్తాను, కలంకారీవే.