ఫ్లైవీల్ బరువు తగ్గించి 4 ఏళ్లు, 52 వేల కిలోమీటర్లు నడిపాక

ముందే చెప్తున్నా, తేలిక ఫ్లైవీల్ వేస్తే ఇంజన్ పవర్ పెరగదు. అప్పట్లో ఈ ఒక్క ముక్క నాకెవరైనా గట్టిగా చెప్పి ఉంటే అంత డబ్బు పెట్టేవాణ్ణి కాదా అంటే, పెట్టేవాణ్ణేమో, కానీ ఏం వస్తది ఏం పోతది అన్నది తెలిసి పెట్టేవాణ్ణి.

బండి 2009 స్విఫ్ట్ పెట్రోల్. పాత 1.3 ఇంజన్, 1298 సీసీ, 87 బీహెచ్‌పీ. ఆ తర్వాత 2010లో 1.2 ఇంజన్ వచ్చింది, మైలేజీ పెరిగింది, కానీ పాతదానికి అలవాటు పడ్డవాళ్లకు అది నచ్చలేదు, నాకైతే ఇప్పటికీ నచ్చదు. రోజూ హన్మకొండ నుంచి కాజీపేట మీదుగా పోయి రావడం, వారం పది రోజులకోసారి ములుగు వైపు, నెలకోసారి హైదరాబాద్. ఇదీ వాడకం. రేసులకు పోయేది లేదు.

ఫ్లైవీల్ అంటే ఏంటో తెలియనివాళ్లకు మా ఊళ్లో బాయికాడ ఉండే ఆయిల్ ఇంజన్ గుర్తు చేస్తా. పక్కన ఈడంత పెద్ద ఇనుప చక్రం ఉండేది కదా, హ్యాండిల్ పెట్టి తిప్పీ తిప్పీ ఊపందుకున్నాక మీట వదిలేస్తే డుబ్ డుబ్‌మని అందుకునేది. ఒకసారి పేలిన దెబ్బకు వచ్చిన ఊపును ఆ చక్రం దాచుకుని, తర్వాతి దెబ్బ దాకా ఇంజన్‌ను ఆగకుండా తోస్తుంది. కారులో నాలుగు సిలిండర్లు కాబట్టి క్రాంక్ (పిస్టన్ల దెబ్బలకు తిరిగే ఇంజన్ ఇరుసు) ప్రతి అర చుట్టుకూ ఒక దెబ్బ పడుతుంది, అందుకే అంత పెద్ద చక్రం అక్కర్లేదు, కానీ పని అదే. దాని ముఖానికే క్లచ్ ప్లేటు ఆనుకుంటుంది, దాని అంచు పళ్లకే స్టార్టర్ పట్టుకుంటుంది. బరువైన చక్రం నిదానంగా ఊపందుకుంటుంది, నిదానంగా వదులుతుంది. తేలికది రెండూ చకచకా చేస్తుంది. మంచీ చెడూ మొత్తం ఇందులోనే ఉంది, మిగతాదంతా నా సొంత గోల.

2021 చివర్లో క్లచ్ పోయింది. గేర్ బాక్స్ ఎలాగూ దించాలి, అప్పుడే ఇదీ చేయిద్దాం అనుకున్నా. వరంగల్‌లో లేత్ మిషన్ షాపులో అడిగితే కంపెనీ ఫ్లైవీల్‌నే వెనక వైపు చెక్కి రెండు కిలోలు తీసేస్తా, 800 ఇవ్వు అన్నాడు. నేను సరే అనబోతున్నా. మా మిస్త్రీ, ముప్పై ఏళ్ల నుంచి బండ్ల కింద పడుకున్న మనిషి, నన్ను పక్కకు పిలిచి, "అన్నా, గది బీడు. సన్నగ చెక్కితే ఎప్పుడు పగుల్తదో తెల్వది. పగిల్తే నీ కాళ్లకాడికే అస్తది" అన్నాడు. బీడు అంటే పోత ఇనుము.

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నా. ఆ చక్రం అడ్డం కొలత అడుగు కంటే కాస్త తక్కువ, 26 సెంటీమీటర్లు వేసుకోండి. 6000 ఆర్‌పీఎం దగ్గర, అంటే నిమిషానికి 6000 చుట్లు తిరిగేటప్పుడు, దాని అంచు గంటకు 300 కిలోమీటర్లకు దగ్గర వేగంతో తిరుగుతుంటుంది. పగిలిన బీడు ముక్క ఆ వేగంతో వస్తే గేర్ బాక్స్ గుల్లను చీల్చుకుని ఫ్లోర్‌లోంచి లోపలికి రాగలదు, పాత కాలం రేసు కార్లలో అందుకే అక్కడ స్టీలు కవచాలు వేసేవాళ్లు. 800 రూపాయల ముచ్చట అక్కడితో ఆగింది. దయచేసి కంపెనీ బీడు ఫ్లైవీల్‌ను లేత్ మీద చెక్కించుకోకండి. చెక్కించుకుని పదేళ్లు నడిపినవాళ్లు కూడా ఉన్నారంటారు, ఉండొచ్చు, నేను మాత్రం దాని వెనక కూర్చోను.

చివరికి కోయంబత్తూరులో రేసు బండ్ల పని చేసే ఒక వర్క్‌షాప్ నుంచి క్రోమోలీ అనే గట్టి మిశ్రమ స్టీలుది తెప్పించుకున్నా, బ్యాలెన్సింగ్ చేసి పంపారు. కిరాణా కొట్టు కాంటా మీద రెండూ పెట్టి చూశా. కంపెనీది 7.3 కిలోలు, కొత్తది 4.1. కొట్టాయన ఇదేం పళ్లెం అన్నాడు. దానితోపాటు క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, క్రాంక్ వెనక ఆయిల్ సీల్, కొత్త బోల్టులు, కూలీ అన్నీ కలిపి 27 వేలు దాటింది. అందులో ఫ్లైవీల్ ఒక్కదానికే 16,500.

బరువు ఎంత తగ్గిందన్నది సగం ముచ్చటే, ఎక్కడ తగ్గిందన్నది అసలు ముచ్చట. రామప్ప గుడి చూసినవాళ్లకు తెలుసు, నీళ్లలో తేలే ఇటుకలు శిఖరానికే వాడారు, కింద మాత్రం రాయే. బరువు ఎక్కడ భారమవుతుందో అక్కడే తేలిక చేశారు. ఫ్లైవీల్‌కు ఆ చోటు అంచు. మధ్యలో కిలో తీసినా పెద్దగా తెలియదు, ఎందుకంటే తిప్పడానికి పట్టే శ్రమ వ్యాసార్థం వర్గంతో పెరుగుతుంది, అదే కిలో అంచున తీస్తే మొదటి రోజే తెలుస్తుంది. అందుకే కొనేటప్పుడు ఎన్ని కిలోలు అని అడగడం కంటే అంచు ఎంత సన్నగా ఉందో చూడండి.

ఇక నడిపితే ఎట్లుంది? ఫస్ట్ గేర్‌లో బండి చక్రం ఒక్కసారి తిరిగే లోపు ఇంజన్ 14 సార్లు పైనే తిరుగుతుంది, ఫిఫ్త్‌లో 3 సార్లు. ఇక్కడ కూడా వర్గమే పని చేస్తుంది. నా లెక్క ప్రకారం నేను తీసిన 3.2 కిలోలు ఫస్ట్ గేర్‌లో దాదాపు 70 కిలోల మనిషి దిగిపోయినట్టు, సెకండ్‌లో 20 కిలోల బియ్యం బస్తా దించినట్టు, ఫిఫ్త్‌కు వచ్చేసరికి 3 కిలోలే. రోడ్డు మీద కూడా అచ్చం అట్లనే ఉంది. ఫస్ట్, సెకండ్‌లలో పికప్ తెలుస్తది, కాలు పెట్టగానే ఆర్‌పీఎం సూది లేస్తది. హైవే మీద ఫిఫ్త్‌లో 80 నుంచి లారీని దాటాలంటే మాత్రం మునుపు ఎట్లుందో ఇప్పుడూ అంతే. టాప్ స్పీడ్‌లో తేడా లేదు. మైలేజీ మునుపు 14, ఇప్పుడూ 14. డైనో (పవర్ కొలిచే మిషన్) మీద పెడితే చక్రాల దగ్గర నంబర్ కాస్త ఎక్కువ చూపించొచ్చు, కానీ అది ఇంజన్ కొత్తగా పుట్టించిన పవర్ కాదు, వేగం పెంచుకునేటప్పుడు ఫ్లైవీల్ తన కోసం మింగేది తగ్గిందంతే.

నాకు నిజంగా నచ్చింది పికప్ కాదు, గేరు దించడం. ములుగు దాటాక అడవిలో రోడ్డు మలుపులు తిరుగుతుంటుంది, తెల్లారి ఆరు గంటలకు పోతే కోతులు తప్ప ఎవరూ ఉండరు. మలుపు ముందు బ్రేకు మీద కాలుండగానే మడమతో ఎక్స్‌లేటర్‌ను ఒక్క తాకు తాకితే చాలు, రెవ్స్ (ఇంజన్ చుట్లు) టక్కున లేస్తాయి, థర్డ్ వెన్నలో దిగినట్టు దిగుతుంది. మునుపు అదే పనికి ఎక్స్‌లేటర్‌ను కాసేపు నొక్కి పట్టి ఎదురుచూడాల్సి వచ్చేది, ఈ లోపు మలుపు వచ్చేసేది. కాలు తీస్తే ఇంజన్ బ్రేకింగ్ కూడా వెంటనే పట్టుకుంటుంది. ఆ రోడ్డు మీద ఆ గంట కోసమైతే 16,500 నాకు ఎక్కువ అనిపించలేదు.

అదే బండి సాయంత్రం ఆరు గంటలకు ఫాతిమానగర్ బ్రిడ్జి మీద వేరే బండి. ఎక్కుతుంటే మధ్యలో ట్రాఫిక్ ఆగింది, ఏసీ నడుస్తోంది, వెనక ఆటో అంగుళం దూరంలో. మునుపు వెయ్యి ఆర్‌పీఎం దగ్గర క్లచ్ మెల్లగా వదిలితే బండి తనంతట తానే కదిలేది, ఎందుకంటే చక్రంలో దాచుకున్న ఊపు ఆ మొదటి తోపు ఇచ్చేది. ఇప్పుడు ఆ నిల్వ లేదు. 1500, 1800 దాకా లేపి హాఫ్ క్లచ్‌లో పట్టి వదలాలి, లేకుంటే టప్పున ఆగిపోతది. మొదటి నెలలో నేనే నాలుగైదు సార్లు ఆపేశా. మా ఆవిడ ఒక్కసారి నడిపి, బ్రిడ్జి మీద రెండు సార్లు ఆగేసరికి దిగి తాళం నా చేతిలో పెట్టి, "మంచిగున్న బండిని ఖరాబ్ చేసినవ్" అంది. అప్పటి నుంచి స్కూటీ మీదే పోతుంది. దీన్ని కూడా సమీక్షలో నష్టాల కింద రాసుకోండి.

గేరు పెంచేటప్పుడు ఇంకో తంటా. క్లచ్ తొక్కగానే రెవ్స్ దబ్బున పడిపోతాయి, కాబట్టి చేయి వేగంగా ఉంటే భలే ఉంటది, బద్ధకంగా వేస్తే కుదుపు. వెనక సీట్లో మా అమ్మ కూర్చుంటే ప్రతి గేరుకూ తల ఊపుకుంటూ వస్తది, ఏదో నేను చెప్పేదానికి ఒప్పుకుంటున్నట్టు. ఆమె ఉన్నప్పుడు గేరు వేశాక క్లచ్ వదిలే ముందు కొంచెం ఎక్స్‌లేటర్ ఇచ్చి వదులుతా, అలవాటైపోయింది.

శబ్దం గురించి చాలామంది భయపడతారు. సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో ఆగితే గేర్ బాక్స్‌లోంచి రేకు డబ్బాలో శనగలు ఊపినట్టు గలగలమంటుంది. నేను గేర్ బాక్స్ పోయిందనుకుని మిస్త్రీ దగ్గరకు పరిగెత్తా. క్లచ్ తొక్కమన్నాడు, తొక్కితే ఆగింది. "అయితే ఏం గాలే, పో" అన్నాడు. సంగతేంటంటే, పేలిన ప్రతి దెబ్బకూ క్రాంక్ ఒకింత ఉలిక్కిపడుతుంది, ఆ ఉలికిపాటును బరువైన చక్రం మింగేసేది, ఇప్పుడది నేరుగా గేరు పళ్ల దాకా పోతుంది, పళ్ల మధ్య ఉండే సన్నని సందులో అవి ఒకదాన్నొకటి తట్టుకుంటాయి. లోడ్ పడితే శబ్దం ఉండదు. 52 వేల కిలోమీటర్లలో గేర్ బాక్స్‌కు ఏమీ కాలేదు. మే నెలలో ఏసీ వేసి ఆగితే మాత్రం ఐడిల్ (ఎక్స్‌లేటర్ తొక్కనప్పటి ఇంజన్ వేగం) కిందికి మీదికి ఊగుతుంది, అద్దంలో వెనక బండి వణుకుతూ కనిపిస్తుంది. ఇంజన్‌కు గాలి వదిలే థ్రాటిల్ బాడీ శుభ్రం చేయిస్తే కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

అసలు దెబ్బ క్లచ్‌కు తగిలింది. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోయాం, ఐదుగురం, డిక్కీలో అమ్మవార్లకు మొక్కిన బంగారం, అంటే బెల్లం, మా మేనకోడలు నిలువెత్తు, ముప్పై కిలోల పైనే. పస్రా దాటిన తర్వాత లైన్ మొదలైంది. రెండడుగులు కదలడం, ఆగడం, మళ్లీ రెండడుగులు, అట్లా గంటలకు గంటలు. ప్రతి కదలికకూ రెవ్స్ లేపి హాఫ్ క్లచ్. కాసేపటికి కాలిన వాసన, ముందు బండిదేమో అనుకున్నా, నాదే. క్లచ్ రుద్దుకున్నప్పుడు పుట్టే వేడిని ఫ్లైవీల్ లోహమే తాగాలి, లోహం తక్కువైతే అదే వేడికి ఎక్కువ కాగుతుంది. పక్కకు తీసి గంటసేపు చెట్టు కింద పెట్టాం. వచ్చే పోయే ఎడ్లబండ్ల మీది జనం మమ్మల్ని చూసి నవ్వుకుంటూ పోయారు, న్యాయమే. ఆ తర్వాత ఫస్ట్‌లో ఎత్తేటప్పుడు బండి అదరడం మొదలైంది. 31 వేల కిలోమీటర్ల దగ్గర విప్పిస్తే ఫ్లైవీల్ ముఖం మీద అక్కడక్కడా నీలి మచ్చలు, రూపాయి బిళ్లంత. ముఖం సాపు చేయించి కొత్త ప్లేటు వేశాం, ఇంకో 7 వేలు. కంపెనీ ఫ్లైవీల్ మీద నా పాత క్లచ్ 90 వేలు నడిచింది.

కొంత తప్పు మొదట బిగించిన షాపుది కూడా, చెప్పకపోతే అన్యాయం. విప్పినప్పుడు చూస్తే బోల్టులు అడ్డదిడ్డంగా బిగించి ఉన్నాయి, ఎదురెదురుగా వరుస పాటించలేదు, బిగువు కొలిచి బిగించే టార్క్ రెంచి వాడిన గుర్తే లేదు. మొదటి పదిహేను రోజులు క్లచ్ జారింది కూడా గ్రీజు చేతులతో ఫ్లైవీల్ ముఖం పట్టుకున్నందుకే అని మిస్త్రీ అంటాడు. బిగించే ముందు ఆ ముఖాన్ని బ్రేక్ క్లీనర్‌తో తుడిచారా లేదా పక్కన నిలబడి చూడండి, సిగ్గు పడొద్దు.

మా దోస్తు ఒకడు తన డీజిల్ బండికి వేయిస్తా అన్నాడు, వద్దన్నా. ఈ మధ్య డీజిల్ బండ్లలో చాలావాటికి మధ్యలో స్ప్రింగులున్న డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉంటుంది, డీజిల్ దెబ్బలు గట్టిగా ఉంటాయి కాబట్టి ఆ స్ప్రింగులే గేర్ బాక్స్‌ను కాపాడతాయి. అది తీసి తేలికది వేస్తే నా శనగల డబ్బా శబ్దం రాళ్ల డబ్బా అవుతుంది. కొత్త పెట్రోల్ బండ్లలోనూ క్రాంక్ తిరిగే తీరును చూసి కంప్యూటర్ మిస్‌ఫైర్ (ఏదో సిలిండర్‌లో దెబ్బ సరిగ్గా పడకపోవడం) పసిగడుతుంది, తేలిక చక్రంతో క్రాంక్ ఊగిసలాటను మిస్‌ఫైర్ అనుకుని చెక్ ఇంజన్ లైటు వెలిగించొచ్చు. నాది పాత బండి, ఆ బాధ రాలేదు.

ఇప్పుడు మళ్లీ క్లచ్ అరిగి ఆఖరుకు వచ్చింది. కంపెనీ ఫ్లైవీల్ పారేయలేదు, ఇంట్లో బియ్యం డ్రమ్ము మూత మీద బరువుకు పెట్టింది మా అమ్మ. మిస్త్రీ అదే వేద్దామంటాడు. నాకు ఆ మలుపుల రోడ్డు గుర్తొచ్చి మనసొప్పడం లేదు. 4.1 అనేది రోజూ బ్రిడ్జి ఎక్కే బండికి మరీ తక్కువ, ఐదున్నర దగ్గర ఆగి ఉంటే సగం తిప్పలు ఉండేవి కావు. మొన్న కోయంబత్తూరుకు ఫోన్ చేసి, అంచు పల్చగా, క్లచ్ ఆనే ముఖం మాత్రం మందంగా ఉంచి ఐదున్నర కిలోలది చేస్తారా అని అడిగా. చేస్తామన్నారు, రేటు వాట్సాప్‌లో పెడతామన్నారు, ఇంకా రాలేదు.