కొల్లేరులో పక్షుల కోసం వెళితే బాంబుల మోత

కైకలూరు చుట్టుపక్కల రిసార్టు తీసుకునేవాళ్ళు డబ్బు కట్టేముందు ఒక్క మాట అడగండి: పక్కన చేపల చెరువు ఉందా?

"పక్షుల కిలకిలారావాలతో నిద్ర లేవండి" అని ఫోటోలు పెట్టి, గదికి రాత్రికి 3,200 తీసుకున్నారు. పేరు రాయను. తెల్లవారుజామున నాలుగు కాకముందే ఢామ్మని టపాకాయ పేలింది. కాసేపటికి ఇంకోటి. మా అమ్మాయి ఉలిక్కిపడి లేచింది, మళ్ళీ పడుకోలేదు. పొద్దున్నంతా మొహం ముడుచుకునే కూర్చుంది. రిసెప్షన్‌లో గట్టిగా అడిగితే మేనేజరు నింపాదిగా, "పక్షులున్నాయి కాబట్టే కదండీ బాంబులేసేది" అన్నాడు!

దీనికి తోడు మనిషికి 500 'బర్డ్ వాచింగ్' ఛార్జీ. అంటే చెరువు గట్టు మీద ఓ కిలోమీటరు నడక. బైనాక్యులర్ కూడా లేదు.

కానీ ఆ గట్టు మీదే ఆ టపాకాయల మనిషి కలిశాడు. పక్షులు దిగకుండా చెరువు నీళ్ళ మీద అడ్డంగా తాళ్ళు, వాటికి గాలికి మెరిసే రిబ్బన్లు. తవుడు, నూనెచెక్క కలిపిన మేతను చిల్లులు పెట్టిన సంచుల్లో వేసి కర్రలకు కట్టారు. చేపలు కింద నుంచి పొడుచుకుంటుంటే సంచి కదులుతోంది. "చేపపిల్ల వేసిన కొత్తలో నీటికాకులు గుంపుగా దిగాయంటే మిగిలేది నీళ్ళేనండి" అన్నాడు. మా మామయ్యగారు కోనసీమలో వరి పండించిన మనిషి. వెంటనే అతని పక్షం చేరిపోయారు. మా అమ్మాయికి ఇంకా కోపమొచ్చింది.

ఆటపాక పక్షుల కేంద్రం చేరాకే దాని మూడ్ మారింది. కైకలూరు నుంచి ఆటో, వెయిటింగ్‌తో కలిపి 300. బోటు తప్పకుండా ఎక్కండి, గట్టు మీద నుంచి చూస్తే సగం కూడా కనబడదు. చెట్లు చాలవని నీళ్ళలో ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. వాటి నిండా గూడబాతుల (పెలికాన్ల) గూళ్ళే. ఓ పిల్ల తల్లి ముక్కు కింద సంచిలో తల మొత్తం దూర్చి తింటోంది. పక్కన ఎర్రకాళ్ళ కొంగలు. మా ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే ఉంది (రెట్టల వాసన గట్టిగానే ఉంటుంది), అయినా దిగుదామనలేదు.

అక్కడి నుంచి లేచిన గూడబాతులు నేరుగా చేపల చెరువుల వైపే పోతున్నాయి. కొల్లేరును 1999లో సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు వరకు అభయారణ్యం చేశారు, 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా 'రామ్‌సర్'లో చేరింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' అని అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లు పేల్చేశారు. అప్పటి నుంచి ఆ హద్దును 3 అడుగులకు కుదించమని ఒక గొడవ. నన్నడిగితే హద్దు తగ్గించకూడదు. సరస్సంటూ మిగలకపోతే కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య వరద నీరు ఎక్కడ నిలుస్తుంది? కానీ గూడు సర్కారు కట్టి, తిండి మాత్రం రైతు పెట్టాలంటే అతను బాంబులే వేస్తాడు. హద్దు పక్కనున్న చెరువులకి పక్షుల నష్టం లెక్కగట్టి ఇస్తే ఆ టపాకాయల ఖర్చయినా తగ్గుతుంది. "వరిలో పిట్టలు తిన్నదానికి నాకెవరిచ్చారు?" అని మామయ్యగారు. ఆ వాదన భోజనం దాకా సాగింది.

భోజనం మాత్రం అదిరింది. రోడ్డు పక్క రేకుల షెడ్డులో అరిటాకు వేసి, కొర్రమేను పులుసుతో మనిషికి 220. పులుసు ముందురోజు పెట్టిందట, ముక్క చెదరలేదు. మామయ్యగారు మూడోసారి అన్నం పెట్టించుకున్నారు. వాదన అక్కడితో ఆగింది.

వెళ్ళేవాళ్ళు నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్ళండి. బస కైకలూరు ఊళ్ళోనే మామూలు లాడ్జిలో చూసుకోండి, వెయ్యి లోపు దొరుకుతుంది. రిసార్టులో బర్డ్ వాచింగ్ పేరుతో తీసుకున్న 2,000 తిరిగివ్వమని నిలదీస్తే, అరగంట వాదించాక 1,000 ఇచ్చారు. మిగతా వెయ్యి, గట్టు మరమ్మతుకట!