ఇద్దరు బందీలు: ఒకరికి కలం, ఒకరికి అధికారం

స్పెయిన్ రచయిత సెర్వాంటెస్, ఫ్రాన్స్ నాయకుడు డిగోల్ ఇద్దరూ సైనికులే, ఇద్దరూ శత్రువుకి చిక్కినవాళ్లే. 1571లో తుర్కులతో జరిగిన లెపాంటో సముద్రయుద్ధం నాడు సెర్వాంటెస్‌కి జ్వరం. అయినా పడుకోనని పట్టుబట్టి పోరాడాడు. ఛాతీకి రెండు గుండ్లు తగిలాయి, మూడోదానికి ఎడమచెయ్యి పనికిరాకుండా పోయింది. తర్వాత సముద్రపు దొంగలకు చిక్కి ఉత్తర ఆఫ్రికాలోని అల్జీర్స్‌లో ఐదేళ్ల చెర. నాలుగుసార్లు పారిపోబోయి దొరికిపోయాడు. 1580లో డబ్బు కట్టాకే వదిలారు. 1605లో వచ్చిన అతని నవల ‘డాన్ క్విక్సోట్’లో ఒక బందీ చెప్పుకునే కథలో ఆ బతుకే కనిపిస్తుంది.

డిగోల్ మొదటి ప్రపంచయుద్ధంలో, 1916లో, ఫ్రాన్స్‌లోని వెర్దన్ దగ్గర గాయపడి జర్మన్లకు దొరికాడు. ఐదుసార్లు తప్పించుకోబోయాడు, కుదరలేదు. అంత పొడుగు మనిషికి దాక్కోవడం కష్టమే. అక్కడే తోటి ఖైదీలకు యుద్ధం గురించి ఉపన్యాసాలిచ్చాడు. 1940 జూన్ 18న, జర్మనీ చేతిలో ఓడుతున్న ఫ్రాన్స్‌ని పోరు ఆపొద్దంటూ లండన్ రేడియోలో పలికిన గొంతు అక్కడే పదునెక్కిందని నా నమ్మకం. 1959లో ఫ్రాన్స్ అధ్యక్షుడయ్యాడు.

నన్ను ఎక్కువగా కదిలించేది సెర్వాంటెసే. అంత పోరాడి తిరిగొచ్చినా చివరికి పన్నులు వసూలు చేస్తూ ఊళ్లు తిరిగాడు.