డాగ్ ఫుడ్ బానే ఉంది, గొడవంతా ఆ సంచీ జిప్‌తోనే

మా పండుకి ఈ డ్రై ఫుడ్ పెట్టబట్టి రెండేళ్లు దాటింది. ప్రోటీన్ ఎంత, ఫ్యాట్ ఎంత, లిస్టులో ముందు చికెన్ ఉందా మొక్కజొన్న ఉందా అన్నవి ప్యాకెట్ వెనకే ఉంటాయి, వాటిని వదిలేస్తున్నా. నా కడుపుమంటంతా సంచీకున్న జిప్ మీద. కంపెనీ పేరు రాయడం లేదు, ఇదే తరహా జిప్ ఉన్న సంచీలు బజార్లో బోలెడు.

పండు వీధి జాతి, ఐదేళ్లది, 18 కిలోలుంటుంది. రోజుకు పావుకిలో చాలు. 12 కిలోల సంచీ తెప్పిస్తే నెలన్నర పైనే వస్తుంది, కిలో లెక్కన చిన్న ప్యాకెట్ కంటే బాగా చవక. మొదట్లో ఏ ఇబ్బందీ రాలేదు.

పోయిన వానాకాలంలో, సంచీ సగానికి పైగా అయ్యాక, పండు గిన్నె దగ్గరికొచ్చి వాసన చూసి వెనక్కి వెళ్లిపోవడం మొదలుపెట్టింది. "దానికి పెరుగన్నం రుచి మరిగిందే. ఇంక నీ గవ్వలు తింటాదా?" అంది అమ్మ. మరిగించింది ఆవిడే, అది వేరే సంగతి. వీధి చివర ఇడ్లీ బండి దగ్గర మాత్రం పండు ఆకలికి లోటేమీ లేదు. ఇంతలో విరేచనాలు పట్టుకున్నాయి. నట్టల మందు వేసినా తగ్గలేదు, ఇంట్లో అందరికీ టెన్షన్.

డాక్టరు గారు అంతా విని, "ఏం పెడుతున్నారమ్మా? ఆ సంచీ ఓసారి పట్టుకురండి" అన్నారు. తీసుకెళ్తే ఆయన ముందు తేదీ కూడా చూడలేదు. మూతి విప్పి వాసన చూసి, మాట్లాడకుండా నా వైపు తిప్పారు. ఎప్పుడో మర్చిపోయిన జంతికల డబ్బా మూత తీస్తే వచ్చే ముక్కిన నూనె వాసన! గడువేమో ఇంకా పది నెలలుంది. ఆ తేదీ సీలు విప్పని సంచీకట. విప్పాక గాలి, వేడి, తేమ తగిలితే గింజల మీద పూసిన కొవ్వు ముందు పాడవుతుందని ఆయన చెప్పారు.

ఇంటికొచ్చి జిప్‌ని కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. గాడి పొడవునా గింజల పొడి, జిడ్డు కలిసి గట్టిపడి ఉన్నాయి. వేళ్లతో నొక్కుకుంటూ వెళ్తే టక టక పడినట్టే ఉంటుంది, చివరికొచ్చేసరికి మధ్యలో విచ్చుకుంటుంది. టూత్‌పిక్‌తో గీకి శుభ్రం చేస్తే ఆ ఒక్క పూట పనిచేసింది. రోజుకు రెండు పూటలా తీసి వేసే సంచీకి ఇదా జిప్? కస్టమర్ కేర్ వాళ్లు బ్యాచ్ నంబరు ఫొటో అడిగి తీసుకుని, చల్లని, పొడి ప్రదేశంలో నిల్వ చేయమని జవాబిచ్చారు. సెప్టెంబరులో వైజాగ్‌లో ఆ ప్రదేశం ఎక్కడుందో కూడా చెప్తే వెళ్లి పెట్టి వచ్చేదాన్ని.

అసలు నేను దీన్ని ఎంచుకున్నదే నిల్వకి బీహెచ్ఏ, బీహెచ్‌టీ లాంటి కృత్రిమ రసాయనాలు కాకుండా విటమిన్ ఇ రకం టోకోఫెరాల్స్ వాడతారని. తెలిసినవాళ్లందరికీ అదే చెప్పేదాన్ని. ఇప్పుడూ నాకు అదే ఇష్టం. కాకపోతే అవి కృత్రిమ రకాలంత కాలం నిలవవు, అలాంటప్పుడు సంచీ ఇంకా గట్టిగా మూతపడాలి కదా.

ఇప్పుడు 3 కిలోల ప్యాకెట్ కొంటున్నాం. కిలోకి యాభై అరవై రూపాయలు ఎక్కువే, కానీ రెండు వారాల్లోపే అయిపోతుంది. మూతిని మడిచి, క్లిప్ పెట్టి, ప్యాకెట్‌తో సహా స్టీలు బియ్యం డబ్బాలో దించుతాను. గింజల్ని నేరుగా డబ్బాలో పొయ్యను, అడుగున మిగిలే పాత జిడ్డు కొత్తవాటినీ పాడుచేస్తుంది. షాపుల్లో విడిగా తూచి అమ్మేది చవకే, అయితే ఆ బస్తా ఎప్పుడు విప్పారో ఎవరు చెప్పాలి? కొత్త ప్యాకెట్ వచ్చాక పండు గిన్నె నాకేసింది, విరేచనాలూ కట్టాయి. అమ్మ పెరుగన్నం మాత్రం మధ్యాహ్నం కొంచెం నడుస్తోంది. అన్నం, చికెన్‌తోనే పూర్తిగా పెంచితే కాల్షియం చాలదని డాక్టరు గారు అన్నాక పూర్తిగా ఇంటి తిండికి మారే ఆలోచన మానుకున్నాం.

ఈ ఫుడ్ వల్ల పండు బొచ్చు మెరుస్తోందని, గోక్కోవడం తగ్గిందని చాలామందితో అన్నాను. నిజమే, కానీ ఈ ఫుడ్ మొదలుపెట్టిన నెలలోనే పిడుదుల మందు కూడా మొదలుపెట్టాం. ఇందులో దేని గొప్ప ఎంతో విడదీసి చెప్పలేను.

నేనైతే ఇదే కొంటాను, చిన్న ప్యాకెట్‌లోనే. ఇంట్లో రెండు లాబ్రడార్లుంటే 12 కిలోలు మూడు వారాలు కూడా రావు, వాళ్లకి ఈ జిప్ బాధ తెలియకపోవచ్చు. హైదరాబాద్‌లో గాలి ఇంత తడిగా ఉండదు, అక్కడా పెద్ద సంచీ సరిపోతుందేమో. కూనలకు ఎలా ఉంటుందో నన్నడగొద్దు, పండు మా ఇంటికి వచ్చేసరికే పెద్దది.