కెన్యాకు ట్రాన్స్‌ఫార్మర్లు: నేరుగా పంపాలా, మర్చంట్ ఎక్స్‌పోర్టర్‌కు ఇవ్వాలా?

అనంతపురంలో ట్రాన్స్‌ఫార్మర్లు చేసే చిన్న యూనిట్లకు కెన్యాలో ఒక సౌకర్యం ఉంది: అక్కడా 11 కేవీ, 50 హెర్ట్జే.

ఖర్చు: నేరుగా అయితే చెన్నై పోర్టు దాకా లారీ, కెన్యావాళ్ల పీవీఓసీ తనిఖీ (సరుకు వాళ్ల ప్రమాణాలకు సరిపోతుందా అని ఓడ ఎక్కకముందే చూసేది) అన్నీ మన నెత్తినే. మర్చంట్ ఎక్స్‌పోర్టర్‌కైతే (మన దగ్గర కొని తన పేరుతో ఎగుమతి చేసే వ్యాపారి) గేటు దాటించి ఊరుకోవచ్చు, లాభంలో కోత తప్పదు.

పన్ను: నేరుగా పంపితే ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం) పెట్టి జీఎస్టీ కట్టకుండా పంపొచ్చు. మర్చంట్‌కు 0.1 శాతానికే బిల్లు వేయొచ్చు. కానీ అసలు తిరకాసంతా ఇక్కడే: మన ఇన్‌వాయిస్ తేదీ నుంచి 90 రోజుల్లో ఆయన సరుకు దేశం దాటించాలి, షిప్పింగ్ బిల్లులో (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) మన జీఎస్టీ నంబరు, ఇన్‌వాయిస్ నంబరు ఉండాలి. లేకపోతే నోటీసు మనకే వస్తుంది. ఆ షిప్పింగ్ బిల్లు కాపీ చేతికొచ్చేదాకా ఆయన్ని వదలొద్దు.

రిస్క్: నేరుగా అయితే ఎల్‌సీయో (డబ్బు చెల్లింపుకు బ్యాంకు ఇచ్చే హామీ), కొన్నవాడు డబ్బు ఎగ్గొడితే ఆదుకునే ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ బీమాయో లేనిదే లోడు ఎత్తొద్దు.

మొదటి ఆర్డరా? మర్చంటే నయం. ఆర్డర్లు వరసగా వస్తూ, రిపేరుకు అక్కడ మనిషి దొరికితే నేరుగా దిగండి.