వీ3 డాంగిల్ అని నకిలీది అంటగడుతుండు, నల్గొండ, పాలమూరు అన్నలు జర పైలం

మన ఉపగ్రహాల పిచ్చోళ్లందరికీ కోఠిల కూసొని డాంగిళ్లు అమ్మే పెద్దమనిషి ఎవరో మీకు చెప్పే పని లేదు. ఆయన దగ్గర ఎస్‌డీఆర్ (కంప్యూటర్‌కు తగిలించి రేడియో సిగ్నళ్లు పట్టే డాంగిల్, వీ3 అందుల ఒక మోడల్) మాత్రం కొనకండ్రి. కడుపు మండి రాస్తున్న.

"ఒరిజినల్ వీ3, అల్యూమినియం బాడీ, లోపల టీసీఎక్స్‌ఓ, 1 పీపీఎం" అన్నడు. 3,800 ముందే ఫోన్‌పే కొట్టించుకున్నడు. టీసీఎక్స్‌ఓ అంటే వేడికి ఫ్రీక్వెన్సీ జరగకుండ ఆపే క్రిస్టల్, 1 పీపీఎం అంటే పది లక్షలల ఒక వంతే తప్పు. నాకు కావాల్సింది ఆ 1 పీపీఎమ్మే. ఇప్పుడు ఒక్క రాకెట్ మీద పదుల కొద్దీ బుడ్డ ఉపగ్రహాలు పోతున్నయి, మన పీఎస్‌ఎల్‌వీ సీ37 అయితే 2017లనే 104 మోసింది. కొత్తల కక్ష్య లెక్కలు వచ్చినా వాటికి పేర్లుండయి, ఆబ్జెక్ట్ ఏ, ఆబ్జెక్ట్ బీ అని ఉంటది. ఏది ఏదో తేల్చాలంటే సిగ్నల్ ఎంత జరిగింది, ఏ క్షణంల అసలు ఫ్రీక్వెన్సీ దాటింది చూడాలె. 437 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ డాప్లర్ (ఉపగ్రహం దగ్గరికొస్తుంటే, దూరం పోతుంటే ఫ్రీక్వెన్సీ జరుగుడు) అటు 10, ఇటు 10 కిలోహెర్ట్జ్ దాకా ఉంటది. ఈ మహానుభావుని డాంగిల్ తప్పే 45 పీపీఎం, అంటే దగ్గర దగ్గర 20 కిలోహెర్ట్జ్! అదన్నా ఒక్కతాన ఆగితే సవరించుకుందుం. వేడెక్కుతున్నకొద్దీ జరుగుతనే ఉన్నది. డాబా మీద లతీఫ్ సాబు గుట్ట దిక్కు యాంటెన్నా తిప్పుకుంట, వాటర్‌ఫాల్‌ల (సిగ్నల్ గీతలెక్క కనబడే తెర మీద) గీత వంకర పోతుంటే ఉపగ్రహం ఉరుకుతున్నదని సంబురపడ్డ. ఉరికింది డాంగిల్.

స్క్రూలు విప్పితే టీసీఎక్స్‌ఓ ఉండాల్సిన జాగల వెండి రంగు డబ్బా, మామూలు క్రిస్టల్. వేడిని బాడీకి గుంజే థర్మల్ ప్యాడ్ లేనే లేదు. స్టిక్కర్ మాత్రం మస్తు మెరుస్తున్నది.

ఫోటో పంపిన. చూసిండు, సప్పుడు లేదు. మళ్ల అడిగితే నవ్వుకుంట వాయిస్ మెసేజ్ పెట్టిండు: "నిన్నెవరు విప్పమన్నరు తమ్మీ? విప్పినంక వారంటీ ఉండది. అయినా డాబా ఎక్కి ఇస్రో నడుపుతున్నవా?" గదీ పడ్డ. కానీ అదే మెసేజ్‌ల చివరికి, మైకు బంద్ చెయ్యకముందే, దుకాణంల ఇంకెవరితోనో అంటుండు: "ఒరిజినలే సార్, కండ్లు మూస్కొని తీస్కపోండ్రి." గొంతుల ఎంత మర్యాదనో! నేను పోయిన్నాడు గూడ గదే గొంతు, గదే మాట. అటెన్క నన్ను బ్లాక్ చేసిండు.

సస్తా డాంగిల్ సస్తా అని అమ్మితే నాకేం బాధ? 145.800 మెగాహెర్ట్జ్‌ల స్పేస్ స్టేషన్ వినేటందుకు అది సాలు. వీ3 పేరు చెప్పి, వీ3 రేటు గుంజుడే దొంగతనం.

కొనేటోళ్లు పైసలు ఇయ్యకముందే బోర్డు ఫోటో అడగండ్రి. చేతికొచ్చినంక అరగంట నడవనిచ్చి, సెల్ టవర్ జీఎస్‌ఎం సిగ్నల్‌తోని పీపీఎం చూసుకోండ్రి. ఆ రోజు దుకాణంల ఉన్న సారు మిర్యాలగూడ అయినా, వనపర్తి అయినా, ఇది చదివితే ఇప్పుడే స్క్రూలు విప్పండ్రి. వారంటీ ఎట్లాగూ లేదు.